భోజన్న పెట్టిన బొట్టు

ఎనభై అయిదు దసరా మర్నాడు, రాస్ అల్ ఖైమాలో నా హార్డ్‌వేర్ కొట్టుకి వాచ్‌మన్ భోజన్న పళ్లెంతో వచ్చాడు.

"అమీర్ భాయ్, పలారం తీస్కో. నిన్న మా పానలు, సుత్తెలతోని నీ ఫువ్వారాకు గుడ బొట్టు పెట్టిన."

అతను కాపలా ఉండే కొత్త విల్లాకి, నిప్పంటుకుంటే సీలింగు నుంచి నీళ్లు చల్లే ఇత్తడి మూతులు, అతను ఫువ్వారా అనేవి, పోయినేడు నేనే ఇచ్చాను. అవి లేకపోతే ఆ ఇంటి కాగితాల మీద బలదియా, అంటే మునిసిపాలిటీవాళ్లు, సంతకం పెట్టేది లేదన్నారు.

"సీలింగుకి బొట్టా? ఎట్టా అందిందయ్యా నీకు?" అని నవ్వాను.

"మంచమెక్కిన. మేం నలుగురు పనోళ్లం దాని కిందనే పంటం, దాని కిందనే వండుకుంటం. మమ్ముల కాసేది అదే గద!"

"తలుపు దగ్గర ఇసుక బకెట్లు ఉండాయిగా?"

"మా ఊరోళ్ల క్యాంపుకు ఇచ్చేసిన. పాపం, వాళ్లకు అవి గుడ లేవు."

నా నవ్వు ఆగిపోయింది. కొట్లో ఉన్న రెండు కొత్త బకెట్లు తీసి అతని చేతికిచ్చాను.

"ఊరికే తీసుకో. ఇవాళే ఇసుక నింపు. స్టవ్వు బయట పెట్టుకోండి."

"నీది పెద్ద మనసు భాయ్!" అని భుజం తట్టి వెళ్లిపోయాడు భోజన్న.

ఆ సీలింగు పైన పైపులే వెయ్యలేదు. తనిఖీకి కనబడితే చాలని కాంట్రాక్టరు అడిగితే, తెలిసే అమ్మాను. ఆ సంగతి చెప్పడానికి నోరు రాకే బకెట్లు ఇచ్చాను.