అత్తగారి చిక్కుడు

"అన్నీ నూరేస్తావా అమ్మాయ్? ఒక్క గింజ చాలదూ?" అంటూ దర్జీ రోలుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

ల్యాబులో పనిచేసే అమ్మాయి నవ్వింది. "నాలుగే తీసుకున్నాను బాబాయిగారూ. మిగతావన్నీ పిన్నిగారి ఒళ్ళోనే ఉన్నాయి."

నిజమే. చిక్కుడు గింజల మూటను ఆయన భార్య పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇళ్ళల్లో తరతరాలుగా దాచుకున్న విత్తనాలు తెస్తే ఇక్కడ పరీక్ష చేస్తారు. బజారు రకం కాదని తేలితే చల్లటి గదిలో భద్రపరిచి, పొట్లం మీద మనం కోరిన పేరు రాస్తారు. ఆవిడ కోరింది పోయిన తన తల్లి పేరు. ఆ తల్లికి ఫోటో కూడా లేదు.

దర్జీ గుండెల్లో రాయి పడింది అప్పుడే.

ఆ గింజల గుట్టు ఇన్నేళ్ళూ ఆయన కడుపులోనే ఉండిపోయింది మరి. అత్తగారు పోయిన ఏడాది, రెండో కాన్పుకని అక్కగారింటికి వెళుతూ భార్య "విత్తనాల డబ్బా ఎండలో పెడుతూ ఉండండి" అని మరీమరీ చెప్పింది. పెళ్ళిళ్ళ కుట్టుపని మీదపడి ఈయన సుబ్బరంగా మరిచిపోయాడు. తీరా మూత తీస్తే పురుగు తినగా మిగిలిన పిండి! తల్లి పోయిన దుఃఖంలో ఉన్న మనిషికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. బజారంతా గాలించి, అచ్చం అలాంటివే కొనుక్కొచ్చి డబ్బా నింపేశాడు. ఆ బెంగతోనే ఏటా అడక్కుండానే పందిరి వేస్తాడు, నీళ్ళు మోస్తాడు.

"ఎలా దాచేవారు పిన్నిగారూ వీటిని?" పొడిలో ఏదో ద్రావణం పోస్తూ అడిగింది అమ్మాయి.

"డబ్బాలో కొన్ని, బూడిద కలిపి సీసాలో కొన్ని. అన్నీ ఒక్కచోటే పెట్టొద్దనేది మా అమ్మ."

దర్జీకి ఈ కబుర్లేవీ చెవికెక్కడం లేదు. "ఇంతకీ తేడా ఎలా తెలుస్తుందమ్మా?"

"ఈ పొడిలోని ప్రోటీన్లు రసంలోకి దిగుతాయి. ఆ రసాన్ని జెల్లీ పలకలో పోసి కరెంటు పెడితే చిన్నవి ముందుకు పరిగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. నీలం రంగు వేస్తే గీతల్లా కనిపిస్తాయి. పక్కనే బజారు చిక్కుడు రసమూ నడుపుతాను. రెండూ ఒకటే రకమైతే గీతలు కలుస్తాయి. దాగదు."

ఆయన మూట వైపు చెయ్యి చాపాడు. "పోనీ మానేద్దామే," అన్నాడు భార్యతో. "మీ అమ్మ మన పెరట్లో ఉంటే చాలదూ?"

"మన తరవాత పెరడు ఎవరిదో ఏమో. అమ్మ పేరు ఒక్కచోటైనా మిగలాలండీ."

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మాయి పలకను వెలుగుతున్న గాజుబల్ల మీద పరిచింది. దర్జీ కళ్ళు మూసుకున్నాడు.

"చూడండి పిన్నిగారూ. బజారుదానికి ఇక్కడ లావుపాటి గీత ఉందా? మీదానికి అక్కడ ఖాళీ. కింద సన్నగా రెండున్నాయి. ఇది బజారు రకం కానేకాదు. మా దగ్గరున్న ఏ రకంతోనూ కలవలేదు."

దర్జీ గబుక్కున కళ్ళు తెరిచాడు. "మళ్ళీ చూడమ్మా. మెషీను పొరబడిందేమో."

"రెండు పలకలు నడిపాను బాబాయిగారూ. రెండింట్లోనూ ఇదే."

"గింజలు తారుమారయ్యాయేమో, మావి అటూ బజారువి ఇటూ..."

"ఊరుకోండి, అమ్మాయి ఏమనుకుంటుంది!" అంది భార్య. తల్లి పేరు రాసిన పొట్లాన్ని చెంపకి ఆనించుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

బయటికి రాగానే దర్జీ మెట్లమీద కూలబడ్డాడు. ఎంత సంతోషమో అంత అయోమయం. ఇక దాచుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఏమే, నీకో సంగతి చెప్పాలి. ఆ డబ్బాలో..."

ఆవిడ పక్కన కూర్చుని కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది.

"ఈ ఏడు పందిరి కాస్త ఎత్తుగా వేయండి," అంది నవ్వుతూ. "మీరు డబ్బాలో పోసిన గింజలు నేను తిరిగొచ్చిన వారమే కూర వండి మీకే పెట్టాను."