పన్నెండో సంచి

సగం గడ్డం గీయించుకున్న బస్సు డ్రైవరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది!" పేపరు ఊపాడు. "గనివాళ్లు పన్నెండు సంచులు పరీక్షకి పంపితే, పన్నెండోదాంట్లో గ్రాఫైట్ అంత స్వచ్ఛంగా తేలిందట. ఇక బ్యాటరీల కంపెనీలన్నీ మన కొండ ముందు క్యూ కడతాయి. షేరు వారంలో రెండింతలైంది!"

"కూర్చోవయ్యా. చెవి తెగితే మళ్లీ రెండింతలు కాదు," అన్నాడు సెలూన్ యజమాని. కానీ ఆయన కళ్లూ పేపరు మీదే ఉన్నాయి.

ఆ వారం సెలూన్లో జుట్టు కన్నా కోతలే ఎక్కువ రాలాయి. ఆ కొండని గోటితో గీకితే కార్లు పరిగెడతాయని ఒకరు. అక్కడ మేసిన తెల్ల మేకకి నల్ల పిల్లలు పుట్టాయని మరొకరు.

పైగా ఆ సంచి కట్టింది యజమాని తమ్ముడే. గనిలో రాతిపొడి సంచుల్లో నింపి, నంబర్లు వేసి, పుస్తకంలో రాసి, పరీక్షకి పంపడం అతని పని. మేనేజరు భుజం తట్టి, "నీది మంచి చెయ్యి" అంటూ వాచీ బహుమతిగా ఇచ్చాడు.

తమ్ముడు దాన్ని పెట్టెలోంచి తియ్యనే లేదు. నాలుగు రోజులుగా అన్నం ముందు కూర్చుని ఊరికే కెలుకుతున్నాడు.

ఆ మధ్యాహ్నమే సెలూన్ అమ్మకానికి సంతకాలు. ఇరవై రెండేళ్లుగా ఇల్లు గడిపిన షాపు. వచ్చే డబ్బంతా గని షేర్లకే. సంగతి తెలిసి తమ్ముడు పరుగున వచ్చాడు.

"అన్నా, షాపు అమ్మొద్దు."

"ఏం, షేరు పడుతుందా?"

తమ్ముడు నేల చూపులు చూశాడు. "అమ్మొద్దంతే."

"ఓరి నీ అసాధ్యం కూలా! అన్న బాగుపడితే కళ్లు మండుతున్నాయా?"

యజమాని భార్య క్యారేజీతో గుమ్మంలోనే ఆగింది. "వాడి మొహం చూడండి, ఎలా పాలిపోయిందో. ఒక్కరోజు ఆగితే కొంపలు మునుగుతాయా?"

"మునుగుతాయే! రేపటికి షేరు చేతికందదు."

"షాపు పోతే రేపట్నించి ఏం చేస్తారు?"

"ఎదురు కుర్చీలో కూర్చుని నేనే గీయించుకుంటా."

డ్రైవరు పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. మరిది వైపు తిరిగింది. "పోనీ నువ్వు చెప్పు నాయనా. ఎందుకొద్దు?"

"చెబితే నా ఉద్యోగం పోతుంది వదినా."

ఆ మాటతో అన్న మొహం వెలిగిపోయింది.

"విన్నారా! నోరు విప్పితే ఉద్యోగం పోయేంత రహస్యమట! గనిలో ఇంకా పెద్దదేదో తగిలింది. ఒరేయ్, నువ్వు చెప్పక్కర్లేదులే, నాకర్థమైంది."

డ్రైవరు మిగతా సగం గడ్డం మాట మరిచి ఫోను తీశాడు. తనకీ వంద షేర్లట.

రెండింటికల్లా సంతకాలైపోయాయి. కొన్నవాడు తాళంచెవులు జేబులో వేసుకుని వెళ్లాడు. అన్న రోడ్డు మీద నిలబడే ఫోనులో షేర్లన్నీ కొనేశాడు. చివరి పైసాతో సహా.

మూసిన షాపు మెట్టు మీద వదిన కూలబడింది. తమ్ముడు ఆమె పక్కనే కూర్చుని బావురుమన్నాడు.

"ఆ పన్నెండో సంచిలోది మన కొండ రాయే కాదు వదినా, పరీక్ష చేసేవాళ్లు సరిగ్గా చేస్తున్నారో లేదో చూడ్డానికి బయట కొన్న శుద్ధి చేసిన పొడి; ఎప్పట్లాగే మామూలు నంబరేసి కలిపాను గానీ, ఆ ముక్క పుస్తకంలో రాయడం మర్చిపోయాను."