గొట్టం మీద ఒక్క దెబ్బ

కొంచెం దగ్గరికి జరగండి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

"మెషీన్ ఎందుకు ఆపినవ్ బావా?" అంటూ మహేష్ మెట్ల మీద నుంచి సెల్లార్‌లోకి తొంగిచూశాడు.

"నువ్వే కదరా గొట్టం మీద కొట్టినవ్. ఒక్క దెబ్బ. ఆపమనే కదా?"

"నేనెక్కడ కొట్టిన?"

డ్రైనేజీ మెషీన్ ముందు కూర్చున్న బాల్‌రాజ్‌కు ఒళ్లు మండింది. ఎల్బీనగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌లో, మొదటి అంతస్తులో ఉండే సూర్యప్రభమ్మ బాత్రూంలో నీళ్లు పోవడం లేదు. సాయంత్రం ఇంట్లో వ్రతం. ఆ మురికి మెషీన్ నా గడప తొక్కడానికి వీల్లేదని ఆవిడ పట్టుబట్టింది. చేసేదేముంది, కింద సెల్లార్‌లో గొట్టానికున్న మూత విప్పి, అక్కడి నుంచే ఇనుప స్ప్రింగును పైకి ఎక్కిస్తున్నారు. స్ప్రింగు మొన ఎప్పుడొస్తుందా అని పైన బాత్రూంలో కాపు కాసే పని బామ్మర్ది మహేష్‌ది. మెషీన్ మోతలో ఫోను వినపడదు కాబట్టి గొట్టమే వాళ్ల ఫోను. రెండు దెబ్బలంటే తిప్పు, ఒక్కటంటే ఆపు. ఆ ఒక్క దెబ్బకు కింద ఉన్నవాడు పెడల్ మీద నుంచి కాలు తీయకపోయాడా, కొరడాలా తిరిగే ఆ స్ప్రింగు పైనున్నవాడి చేతినో మెడనో చుట్టేస్తుంది.

"మొన కనపడంగనే కొట్టు. వంగి చూడకు. చేతులకు తోలు గ్లౌజులే, బట్టవి కాదు. నీకేమన్న అయితే మీ అక్క నన్ను ఇంట్లకు రానియ్యది."

"రానియ్యకపోతే నా రూముల పండుకుందువు తియ్," అని నవ్వుకుంటూ మహేష్ పైకెళ్లాడు.

టక్ టక్. బాల్‌రాజ్ కాలు పెట్టాడు. స్ప్రింగు గరగరమంటూ గొట్టంలోకి పాకింది. చాలాసేపు పాకింది. అప్పుడు వినపడింది, టక్. ఒక్కటే. నెమ్మదిగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు. కాలు తీశాడు.

మహేష్ మళ్లీ దిగివచ్చాడు. ఈసారి నవ్వడం లేదు. "బావా, నేను కొట్టలే. నాకు గూడ ఇనపడ్డది. గోడలకెళ్లి వచ్చినట్టున్నది."

"గోడ అవతల ఎవరుంటరు?"

చీపురు పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్ తిరుపతి అందుకున్నాడు. "త్రినాథరావు సారు. ఒక్కడే ఉంటడు. నిన్న హయత్‌నగర్‌ల బిడ్డ ఇంటికి పోయిండు. లోపల పిల్లి గూడ లేదు."

సూర్యప్రభమ్మ మెట్ల మీదికి వచ్చింది. "ఏమయ్యా, పంతులుగారు దిల్‌సుఖ్‌నగర్ దాటారంట. మీ కబుర్లు వ్రతమయ్యాక చెప్పుకోండి."

మహేష్ మూలనున్న ఇటుక తెచ్చాడు. "గిది పెడల్ మీద పెట్టు బావా, దానంతట అదే తిరుగుతది. ఇద్దరం పైన్నే ఉందాం. నువ్వొక్కనివే ఈడ కూసోని గీ చప్పుళ్లు వినుడెందుకు? అందరు గట్లనే చేస్తరు."

అందరూ అలాగే చేస్తారు, నిజమే. బాల్‌రాజ్ ఇటుక అందుకుని వంగాడు. అది పెడల్‌కు ఇలా తగలబోతోంది, అంతలో గొట్టం మోగింది.

టక్.

మహేష్ అక్కడే ఉన్నాడు. తిరుపతి అక్కడే ఉన్నాడు. సూర్యప్రభమ్మ మెట్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాల్‌రాజ్ ఇటుక అవతల పారేసి ప్లగ్గు పీకేశాడు. అప్పుడు చూసుకున్నాడు, మెషీన్‌లో స్ప్రింగు దాదాపు అయిపోయింది. "ఇంత స్ప్రింగు లోపలికి పోయింది కదరా. మొన నీ దగ్గరికి రాలే. మరి యాడికి పోయినట్టు?"

రెండు ఫ్లాట్లకూ దిగే గొట్టం ఒకటే.

పక్కింటి తాళంచెవి ఒకటి సూర్యప్రభమ్మ దగ్గరే ఉంటుంది. తలుపు తీస్తే పక్కనే త్రినాథరావు చెప్పులు కనపడ్డాయి. ఆయన రాత్రే తిరిగొచ్చాడు, తిరుపతి చూడలేదు. లోపలికెళ్తే బాత్రూంలో బోర్లా పడి ఉన్నాడు. నేల మీది నీళ్లు పోయే జాలీని లేపుకుని బయటికొచ్చిన స్ప్రింగు ఆయన మెడలోని తువ్వాలును చుట్టుకుని గొంతు దాకా వచ్చేసింది. ఇంకొక్క చుట్టు తిరిగితే అంతే. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. మహేష్ తువ్వాలు కోసేశాడు.

మర్నాడు బాల్‌రాజ్ దవాఖానాకు పోయి మంచం పక్కన నిలబడ్డాడు. "మీరు గొట్టం కొట్టకపోతే నేను ఇటుక పెట్టేటోన్ని సారూ. ఒక్కటి కొడితే ఆపుతమని మీకెట్ల తెలుసు?"

త్రినాథరావు అతని వంక వింతగా చూశాడు. మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

"నేనెక్కడ కొట్టానయ్యా? పడినప్పటి నుంచీ కాలూ చెయ్యీ కదిలితేగా. ఆ చప్పుడు మీరే చేస్తున్నారనుకున్నాను. ఎవరో ఉన్నారులే అని దాన్నే వింటూ ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను."

గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. ఒక్క దెబ్బ వినపడితే ముందు కాలు తీయాలి. కొట్టిందెవరని తర్వాత అడగొచ్చు. బాల్‌రాజ్ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.