అందరూ చేరారు

"సార్, నా దినంల ఖాళీగున్న గంట ఎవరిది?"

అఖిల ప్రశ్నకు శివశంకర్ తల ఎత్తలేదు. శంషాబాద్‌లో, విమాన సరకుల రవాణా చూసే ఆ కార్యాలయానికి అతను మేనేజరు. ఆమె అతని కింద పనుల సమన్వయకర్త.

"దినమంత సెలవు అడుగుతలేను సార్, ఒక్క గంట. మా చెల్లె సంతోషి మస్కట్ పోతున్నది. దవాఖానల నర్సు కొలువు. రెండేండ్లదాక రాదు. ఎయిర్‌పోర్టు మన కిటికీలకెల్లి కనవడుతనే ఉన్నది. పోయి, మొఖం జూసి వస్త."

"నేను వద్దంటున్నానా అమ్మా? సిస్టమ్ ఒప్పుకోవాలి కదా. మీ క్యాలెండర్‌లో ఖాళీ ఉందా?"

"పొద్దుగాల ఉండె. ఇప్పుడు లేదు. ఖాళీ కనవడితే చాలు, అది మీటింగు వెట్టుకుంటది."

"ఆలస్యమైన పని ఉంటే పెడుతుంది. అలా అమర్చింది మనమే."

"మీటింగులల్ల కూసునుడుతోనే గద సార్ పనులు ఆలస్యమయ్యేది!"

శివశంకర్ కళ్ళజోడు తీసి, కనుబొమల మధ్య వేళ్ళతో నొక్కుకున్నాడు. "ఆ సంగతి కూడా ఒక మీటింగ్‌లో మాట్లాడుకుందాం."

ఆ ఏర్పాటు ఇది. పనుల బోర్డు మీద ఏ పనికైనా గడువు దాటితే, దానంతటదే ఒక వీడియో మీటింగ్ పుడుతుంది. మీటింగ్ ముగియగానే, అందులో అన్న మాటలన్నీ కొత్త పనులై బోర్డెక్కుతాయి. వాటికీ గడువులుంటాయి. దీనికి యాజమాన్యం పెట్టిన పేరు శ్రమ ఆదా.

అఖిల తన కుర్చీకి తిరిగి వచ్చి ఒక అబద్ధపు మీటింగ్ సృష్టించింది. 'తొండుపల్లి గోదాము సమన్వయం' అని పేరు పెట్టింది. తొండుపల్లిలో వారికి గోదాము లేదు. ఆ మీటింగ్‌కు ఆమె తనను తప్ప ఎవరినీ పిలవలేదు. మీటింగ్ ఉన్న గంటలో సిస్టమ్ మరొక మీటింగ్ పెట్టదు; అంతవరకు దానికి మర్యాద తెలుసు. బ్యాగు భుజాన వేసుకుని, కిందికి దిగి, క్యాబ్ ఎక్కింది.

ప్రయాణికులు లోపలికి వెళ్ళే గేటు దగ్గరకు చేరేసరికి ఫోన్ మోగింది.

"అక్కా, మామిడిపల్లి కాడ లారీలు అడ్డమున్నయ్. జర లేటయితది. పోకు!"

"నేనేడికి పోతనే పిచ్చిదానా? గేటు కాడ్నే ఉన్న. నిన్ను జూడకుండ కదల్త అనుకున్నవా?"

ఫోన్ పెట్టేసిందో లేదో, తెర మీద సందేశం వచ్చింది: 'మీ మీటింగ్‌కు సంబంధించిన పని బోర్డుపై లేదు. మేమే సృష్టించాము. బోర్డులోని వారందరినీ ఆహ్వానించాము.'

ఆ వెంటనే మరికొన్ని. అరవింద్ చేరారు. జగన్ చేరారు. చివరికి, శివశంకర్ చేరారు. 'అందరూ మీ కోసం వేచి ఉన్నారు.'

ఆఫీసు మీటింగులు ఫోన్‌లో తెరుచుకోవు. భద్రత కోసమని సందేశాలు మాత్రమే వదులుతారు. అఖిల అరవింద్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. 'మీటింగ్‌లో ఉన్నాను' అని జవాబు దానంతటదే వచ్చింది. శివశంకర్‌కు చేసింది. అదే జవాబు. పోయిన నెలలో, తాను పెట్టిన మీటింగ్‌కు తానే రాని శ్రావణ్‌కుమార్‌ను ఆ సాయంత్రమే ఉద్యోగం నుంచి తీసేశారు.

ఆమె గేటు వైపు ఒకసారి చూసింది. రోడ్డు వైపు ఒకసారి చూసింది. వచ్చిన క్యాబ్‌లోనే వెనక్కి మళ్ళింది.

సగం దారిలో మళ్ళీ ఫోన్.

"అక్కా, గేటు కాడికొచ్చిన. యాడున్నవ్?"

"మీటింగు వడ్డది చెల్లే."

"కదల్తనా అన్నవ్ గద!"

అవతల ఎవరో ప్రయాణికులను తొందరపెడుతున్నారు.

"సరే అక్కా. లోపల్కి పోవాలె ఇగ. పైలం."

ఆఫీసు మెట్లు పరుగున ఎక్కి, అఖిల ల్యాప్‌టాప్ తెరిచింది. తెర నిండా నల్లటి గడులు. ప్రతి గడిలో ఒక పేరు. కెమెరాలన్నీ మూసి ఉన్నాయి.

"సార్, మాఫ్ చేయున్రి. అబద్ధమాడిన. ఇది మీటింగు గాదు. మా చెల్లెను సాగనంపనీకె పోయిన. పోయి గూడ, దాని మొఖం జూడకుండనే వచ్చిన. మీరు ఏమన్న అనున్రి, పడత."

ఎవరూ ఏమీ అనలేదు.

"సార్? అరవింద్ అన్నా? ఒక్కరన్న మాట్లాడున్రి."

ఆ నిశ్శబ్దం కోపంలా లేదు. అప్పుడు ఆమె తల ఎత్తి చుట్టూ చూసింది. ప్రతి బల్ల మీదా ల్యాప్‌టాప్ వెలుగుతోంది. ప్రతి కుర్చీ ఖాళీగా ఉంది. అద్దాల గదిలో శివశంకర్ కుర్చీ కూడా. హాలు చివర, టీ కప్పులు తుడుస్తూ, ఆఫీసులో పైపనులు చూసే మొగులయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"కాకా, అందరు యాడికి వోయిన్రు?"

"నువ్వు లేవని తెల్వంగనే లేసిన్రు బిడ్డా. అరవింద్ సారు పిల్లను బడికెల్లి తోల్కరావోయిండు. పెద్దసారు కింద కార్ల పండుకున్నడు, ఎన్ని దినాల నిద్రనో పాపం. ఎవరన్న అడిగితే మాత్రం, అందరం మీటింగుల ఉన్నమని చెప్పమన్నరు."

పాఠకులారా, మీరు కూడా ఏ మీటింగ్‌లోనో కెమెరా మూసి దీన్ని చదువుతున్నట్లయితే, మైకు తెరిచి, 'నేనిక్కడ లేను' అని ఇప్పుడే, అందరికీ వినిపించేలా చెప్పండి.