పాయసం అంటిన రంగు పెన్సిల్

చంద్రిక దోసె తిరగేస్తుండగా చల్లని కబురు వచ్చింది. తెనాలిలో ఒక పాప అన్నప్రాశన పళ్లెంలో రంగు పెన్సిల్ పట్టుకుందట! పళ్లెంలో ఏది పట్టుకుంటే అదే పదో తరగతి సబ్జెక్టుగా అన్నప్రాశన రోజే ఖాయమైపోయే ఈ కాలంలో, మూడేళ్లుగా ఏ బిడ్డా డ్రాయింగ్‌ని ముట్టలేదు. ఈ ఏడూ ముట్టకపోతే ఆ సబ్జెక్టునీ, జిల్లాలో ఆఖరి డ్రాయింగ్ టీచరైన చంద్రిక ఉద్యోగాన్నీ ఎత్తేస్తారు.

పెళ్లయి నెల తిరగని భర్త శ్రీకర్ చేతులు పట్టుకుని ఆమె వంటింట్లోనే గిరగిరా తిరిగింది. దోసె మాడింది.

అంతలో పాప నానమ్మ ఫోన్ చేసింది. "టీచరమ్మా, ఆ పెన్సిలుకి పాయసం అంటింది, అందుకే పట్టుకుందంట. రేపు ఆఫీసరు ముందు మళ్లీ పెట్టిస్తన్నారు. మా పిల్లకి లెక్కలే కావాలి!"

చంద్రిక మొహం వాడిపోయింది. స్పీకర్‌లో అంతా విన్న శ్రీకర్ మాడిన దోసె తుంచుకుంటూ, "పాయసం నాకేశాక పెన్సిల్ని ఏం చేసిందో అడుగు," అన్నాడు.

అడిగింది.

"ఏం చేసిద్ది తల్లీ! నా కొత్త చీర నిండా గీతలు గీకింది," అంటూ మామ్మ తిట్టబోయి నవ్వేసింది.

చంద్రిక కళ్లు మెరిశాయి. "అయితే రేపు గిన్నెడు పాయసంతో నేనూ వస్తున్నా మామ్మగారూ. లెక్కల పుస్తకానికి కూడా పూద్దాం. మీరు మాత్రం ఆ చీరే కట్టుకుని పాపకి ఎదురుగా కూర్చోండి!"