ముందు వరసలో కుర్చీ

"ఆ కుర్చీ మాది. కాస్త లేవండి."

ఆ మాట అన్నాక గానీ ఇస్త్రీ బండి అమ్మ ఊపిరి పీల్చుకోలేదు. కౌన్సిల్ హాలు పైన, జనం కూర్చునే బాల్కనీకి ఆదరాబాదరా మెట్లెక్కి వచ్చింది మరి.

ముందు వరస మధ్య కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చొక్కా నలిగి ఉంది. ఆమె కన్ను ముందు దాని మీదే పడింది. ఎంతైనా చేసే పని అది కదా.

"ఆ కుర్చీ కొత్త కౌన్సిలరమ్మ మనిషికి అట్టిపెట్టిందమ్మా," నసిగాడు బంట్రోతు.

"ఆ మనిషిని నేనే. కన్నతల్లిని. నాకంటే దగ్గరి మనిషి ఎవరుంటారు?"

బంట్రోతు బుర్ర గోక్కున్నాడు. "ఈయన కూడా ఆ మనిషిని నేనే అన్నారే."

"పొరపాటు నాదేలేవయ్యా," అంటూ ముసలాయన లేచాడు. "తల్లి తర్వాతే ఎవరైనా. కూర్చోమ్మా."

మిగతా కుర్చీలన్నీ నిండిపోయాయి. ఆయన ఆమె వెనకే స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె దర్జాగా కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది, ముందు పిట్టగోడ అడ్డమని. మెడ సాచి తొంగిచూడాల్సి వచ్చింది.

"బండి మూస్తే గిరాకీ పోతుంది, నేను రానన్నానండీ. తీరా పిల్ల బయల్దేరాక మనసొప్పలేదు." ఆమె నోరు ఊరుకోలేదు. "అదిగో, కిటికీ పక్క కుర్చీలో. అదే మా అమ్మాయి. ఆ బట్టలు నా చేత్తో ఇస్త్రీ చేశా. ఎక్కడన్నా ముడత ఉంటే అడగండి."

"చూస్తున్నానమ్మా. ఆ కుర్చీ ఎడమవైపుకి కాస్త ఒరుగుతుంది. అటు వాలొద్దని చెప్పండి."

పనీపాటా లేకపోతే ఇలాంటివే తెలుస్తాయి, అనుకుందామె.

కింద కూతురు లేచి నిలబడింది. కాలవ అవతలి పేటకు మంచినీళ్ళ గొట్టాలు వెయ్యాలని తీర్మానం. ఆ పేటలో పుట్టి ఈ హాల్లో సభ్యురాలిగా కూర్చున్న మొదటి మనిషి ఆ పిల్లే. వంతెన దాటి నీళ్ళు మోసి మోసి తల్లి నడుం ఎప్పుడో వంగిపోయింది.

"ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉన్నట్టే మాకూ ఒక కుళాయి కావాలి," అంది కూతురు. "అంతకంటే ఒక్క చుక్క కూడా ఎక్కువ అడగడం లేదు."

గొంతు వణకలేదు.

"నా కూతురు," అంది తల్లి, ఎవరూ అడక్కపోయినా.

కాలవ ఇవతలి వార్డు సభ్యుడు లేచాడు. కలప డిపో యజమాని. "మా కుళాయిల్లోనే ధార సన్నం. మా నోటి ముందు నీళ్ళు తీసి వాళ్ళకి పొయ్యమంటారా?"

ఆమె పళ్ళు నూరింది. "ఎప్పుడూ ఇదే పాట. మాకోసం ఎవరు చెయ్యెత్తారు గనక? మా పేట ఈ ఊళ్ళో కలవడం కూడా మేం గొంతు చించుకుని అరిస్తేనే కలిసింది."

"నిజమేనమ్మా, బాగా అరిచారు," అన్నాడు ముసలాయన.

ఛైర్మన్ చేతులెత్తమన్నాడు. ఒకటొకటిగా లేచాయి. ఆగిపోయాయి.

"ఇంకొక్క చెయ్యి కావాలి," వెనక నుంచి మెల్లగా అన్నాడాయన.

ఆమె కుర్చీ అంచుకి జరిగింది.

డిపో యజమాని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎందుకో తలెత్తి బాల్కనీ వైపు చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది. ఆమె కూడా తగ్గలేదు, మెడ సాచి రెప్ప వాల్చకుండా చూసింది.

అతను తల దించుకున్నాడు. చెయ్యి మాత్రం నెమ్మదిగా పైకి లేచింది.

"తీర్మానం నెగ్గింది," అన్నాడు ఛైర్మన్.

ఆమె చప్పట్లు కొట్టింది. ఇక్కడ కొట్టకూడదని బంట్రోతు సైగ చేస్తే ఇంకాస్త గట్టిగా కొట్టింది.

"చూశారా? నా మొహం చూసి ఎలా కరిగిపోయాడో."

"చూశానమ్మా." ముసలాయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. "మంచి కూతుర్ని కన్నారు."

"కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, కూర్చోండి."

"వచ్చిన పని అయిపోయిందమ్మా."

ఆయన మెట్ల దాకా వెళ్ళాక ఆమెకే మనసు పీకింది. "ఆ చొక్కా ఒకసారి మా బండి దగ్గరికి తీసుకురండి. ఊరికే చేసిపెడతా."

ఆయన నవ్వి మెట్లు దిగిపోయాడు.

సభ ముగియగానే కూతురు పరుగున పైకి వచ్చింది. తల్లిని చూసి ఆగిపోయింది. "రానన్నావుగా, ఎప్పుడొచ్చావమ్మా?" ఆ వెంటనే చుట్టూ చూసింది. "ఈ కుర్చీ ఒక పెద్దాయనకి అట్టిపెట్టించా, ఇందాక ఈ స్తంభం దగ్గర నిలబడి కనిపించారు. ఏరీ?"

"ఆయనా? నేనే లేపాను. నాకోసం అట్టిపెట్టావనుకున్నా." తల్లి తడబడింది. "ఇప్పుడే వెళ్ళిపోయాడు. అయినా నేనిక్కడ కూర్చోబట్టే కదే, డిపో ఆయన నన్ను చూసి చెయ్యెత్తాడు."

"కింద నుంచి చూస్తే కూర్చున్నవాళ్ళ నెత్తి తప్ప మొహం కనపడదమ్మా, గోడ అడ్డం. అతను చూసింది నీ వెనక నిలబడ్డాయన్ని."

తల్లి కుర్చీలోంచి లేచింది. "ఎవరే ఆయన?"

"ఎక్కడెక్కడో వెతికి పట్టుకున్నాను. మైకులో తన పేరు చెప్పకపోతేనే వస్తానన్నారు." కూతురు ఖాళీ మెట్ల వైపు చూస్తూ నిటారుగా నిలబడింది. "మన పేటని ఊళ్ళో కలపాలని మొట్టమొదట చెయ్యెత్తి, 'మన నీళ్ళు పరాయివాళ్ళకి పోస్తున్నాడు' అని ఈ డిపో ఆయన ఊరంతా తిరిగి చెప్పడంతో ఎన్నికల్లో ఓడిపోయి, ఆ కిటికీ పక్క కుర్చీ వదిలేసి వెళ్ళిన మనిషి."