గట్టుకు అవతలి నీళ్లు

వరిమడిలో నీళ్లు ఎప్పుడూ నిలిపి ఉంచితే మీథేన్ వాయువు పుట్టి భూగోళం వేడెక్కుతుందని మెకాంగ్ నది ఒడ్డునున్న మా ఊరికి బోధించిన మహాజ్ఞానిని నేనే. మడిలో చిల్లుల గొట్టం పాతి, అందులో నీరు జానెడు లోతుకు దిగేదాకా మోటారు ముట్టుకోకూడదన్నాను. ఊరు నవ్వింది. పక్క మడి బై పిన్ని మాత్రం నాతో పాటు గొట్టం పాతింది.

నేల నెర్రెలివ్వగానే జ్ఞానికి గుండె జారింది. మధ్యాహ్నాలు ఊరంతా వల ఉయ్యాలల్లో కునుకు తీస్తుంటే, నేను దొంగలా మోటారు వేసి నా మడి నింపుకునేవాణ్ణి.

కోతల ముందు గాలివాన వచ్చింది. ఆరిన నేలలో వేళ్లు లోతుకు దిగిన ఆమె పైరు నిలిచింది, ఎప్పుడూ నీళ్లలో నానిన నాది చాపలా పరుచుకుంది. మర్నాడు పడిన వరిని లేపి కట్టడానికి పిన్నే వచ్చింది.

"నీ మాట విని నేను బతికిపోయాను మాస్టారూ! మరి నీకేమైంది?"

"విత్తనం మంచిది కాదు పిన్నీ," అన్నాను గంభీరంగా.

ఆమె ఇంకో కట్ట బిగించింది.

"రోజూ మధ్యాహ్నం నీ మడి నీళ్లు నా వైపు ఊరేవి. ఊళ్లో నీ పరువు పోతుందని చప్పుడు చేయకుండా గట్టుకు బురద మెత్తేదాన్ని."

నేను వంగి పడిన ఇంకో దుబ్బు లేపాను.

"ఆ విత్తనం మాట మాత్రం ఇంకెవరితోనూ అనకు నాయనా. నాకిచ్చిందీ నువ్వే, అదే విత్తనం."